యాభై ఐదేళ్లకి పీహెచ్‌డీ

మనలో ఎక్కువమందికి పీజీ అంటే గేట్ ర్యాంకో, జీఆర్‌ఈ స్కోరో, బీటెక్ అవ్వగానే ఎక్కేయాల్సిన ఇంకో బస్సు. బడిని ఎలా నడపాలన్నది కూడా ఒక పీజీ సబ్జెక్టేనని చాలామందికి తెలీదు. ఆ చదువు అమెరికాలో అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో, యాభై ఏళ్ల వయసులో వెళ్లి క్లాసులో కూర్చున్నావిడ ఎల్లా ఫ్లాగ్ యంగ్.

1845లో బఫెలో ఊళ్లో పుట్టారు. పదమూడేళ్లప్పుడు కుటుంబం షికాగో వచ్చేసింది. టీచర్‌నవుతానంటే వాళ్లమ్మకే నమ్మకం కుదర్లేదు, పిల్లలతో నెగ్గుకురాగలదా అని. దాంతో తనే ఓ బడికెళ్లి, క్లాసు ఎలా నడుస్తుందో చూసి, నావల్ల అవుతుందని తేల్చుకున్నారు. 1862లో, పదిహేడేళ్లకి ఉద్యోగం. తర్వాత పెళ్లి, ఐదేళ్లకే భర్త పోయారు. ఆపైన ప్రిన్సిపల్, 1887లో షికాగో బడులకి అసిస్టెంట్ సూపరింటెండెంట్.

ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, అన్నీ పైనుంచి వచ్చే ఆర్డర్లే. రోజూ పిల్లల ముందు నిలబడే టీచర్‌ని మాత్రం అడిగేవాళ్లుండరు. (సెమిస్టర్ మధ్యలో సిలబస్ మారినప్పుడు మన సార్లు పెట్టే మొహం గుర్తుందిగా!) ఈ చిక్కుముడి పట్టుకునే 1895లో షికాగో యూనివర్సిటీలో జాన్ డ్యూయీ సెమినార్‌కి వెళ్లడం మొదలుపెట్టారు. డ్యూయీ ఆవిడకన్నా పద్నాలుగేళ్లు చిన్న. ఆయన దగ్గర తత్వశాస్త్రం ఉంది, ఈవిడ దగ్గర ముప్ఫై ఏళ్ల బడి ఉంది. ఆవిడ దగ్గర తను ఎంతో నేర్చుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

1899లో కొత్త సూపరింటెండెంట్ పెత్తనం నచ్చక ఉద్యోగం వదిలేశారు. 1900లో పీహెచ్‌డీ వచ్చింది. థీసిస్ విషయం, బడిలో ఒకరికొకరు తెగిపోయి ఉండటం. ఆలోచించేది ఒకరు, అమలు చేసేది ఇంకొకరు అయితే టీచర్ మెషీన్‌లో ఓ పార్టు అయిపోతుంది. సొంతంగా ఆలోచించే వీల్లేని మనిషి, పిల్లలకి ఆలోచించడం ఎలా నేర్పుతుంది? ఆవిడ వాదన అదీ.

థీసిస్ రాసి అల్మారాలో పెట్టేసి ఉంటే ఇంత చెప్పుకోనక్కర్లేదు. 1909లో షికాగో బడులన్నింటికీ ఆవిడే సూపరింటెండెంట్ అయ్యారు. అమెరికాలో ఓ మహానగరానికి ఆ పదవిలో మొదటి మహిళ. దేశమంతటా ఆడవాళ్లకి ఓటు హక్కు రావడానికి ఇంకా పదకొండేళ్లుంది! రాసింది చేసి చూపించే అవకాశం వచ్చిందన్నమాట. టీచర్ల కౌన్సిళ్లు పెట్టి సిలబస్ మీద వాళ్ల మాట విన్నారు. మరుసటి ఏడాది జాతీయ విద్యా సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

బోర్డుతో మాత్రం ఎప్పుడూ గొడవే. 1913 డిసెంబర్‌లో ఆవిడ స్థానంలో వేరొకర్ని ఎన్నుకున్నారు. షికాగో ఆడవాళ్లు సభలు పెట్టి గోల చేశారు. మేయర్ బోర్డు సభ్యుల్లో కొందరిని సాగనంపాడు, రెండు వారాలు తిరక్కుండానే ఆవిడ వెనక్కొచ్చారు. అయినా గొడవలు ఆగలేదు, 1915 చివర్లో రిటైరయ్యారు.

1918లో, యుద్ధానికి బాండ్లు అమ్మించే పనిమీద తిరుగుతుండగా ఇన్‌ఫ్లుయెంజా సోకింది. అక్టోబర్ 26న వాషింగ్టన్‌లో పోయారు. షికాగోలో టీచర్ల కౌన్సిళ్లు ఇంకొన్నేళ్లు నడిచాయి. 1920ల్లో వచ్చిన మరో సూపరింటెండెంట్ వాటిని ఎత్తేశాడు.