హరిశ్చంద్రుని కర్మాగారం

ఉద్దేశం: భారతీయ చలనచిత్ర కళకు పునాది వేసిన దాదాసాహెబ్ ఫాల్కే జీవితాన్ని పరిచయం చేయడం; పట్టుదల సాధించిపెట్టే విజయాన్నీ, దానికోసం ఆ మనిషీ అతని కుటుంబమూ చెల్లించిన మూల్యాన్నీ విద్యార్థులు కలిపి చూడగలిగేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

2009లో మరాఠీ భాషలో 'హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ' అనే చలనచిత్రం రూపొందింది. దాని దర్శకుడు పరేష్ మొకాశీ. ఆ ఏడాది ఆస్కార్ పోటీకి భారతదేశం పక్షాన ఎంపికైన చిత్రం అదే. మనదేశంలో తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా గుర్తింపు పొందిన 'రాజా హరిశ్చంద్ర' ఎలా తయారైందో ఆ చిత్రం నవ్విస్తూ చెబుతుంది. పేరులోని 'ఫ్యాక్టరీ' అనే మాటకు ఒక కారణం ఉంది. ఆ రోజుల్లో సినిమాలో పనిచేస్తున్నామని చెప్పుకోవడం మర్యాద కాదు. అందువల్ల ఎవరైనా అడిగితే హరిశ్చంద్రుడనే ఆయన కర్మాగారంలో పనిచేస్తున్నామని చెప్పమని ఫాల్కే తన బృందానికి నేర్పాడట.

ఆ చిత్రం ప్రధానంగా ఫాల్కే తొలి విజయం వరకే చూపింది. ఆ తరువాత ఆయన మూడు దశాబ్దాలు జీవించాడు. ఆ కాలంలో నవ్వు తక్కువ. ఆయనను అర్థం చేసుకోవాలంటే రెండు భాగాలనూ తెలుసుకోవాలి.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వర్‌లో జన్మించాడు. తండ్రి సంస్కృత పండితుడు. పురాణకథలు, శ్లోకాలు ఆ ఇంట నిత్యం వినిపించేవి. కుమారుని మనస్సు మాత్రం బొమ్మల వైపు మళ్ళింది. ఫాల్కే 1885లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రలేఖనం, ఆ తరువాత బరోడా కళాభవనంలో తైలవర్ణ చిత్రరచన, ఛాయాగ్రహణం అభ్యసించాడు. ఒక జర్మన్ ఐంద్రజాలికుని వద్ద కనికట్టు విద్య కూడా నేర్చుకున్నాడు. ఒక విద్య చేతికి అందగానే ఇంకొక విద్య వైపు పరుగుతీయడం ఆయన స్వభావం. ఈ విద్యలన్నీ ఒకనాడు ఒకేచోట ఉపయోగపడతాయని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

గోధ్రాలో ఛాయాచిత్రశాల పెట్టుకున్న రోజుల్లో ప్లేగు వ్యాధి ఆయన మొదటి భార్యను, బిడ్డను బలిగొన్నది. కొంతకాలానికి ఆయన సరస్వతీబాయిని వివాహమాడాడు. 1903లో పురావస్తు శాఖలో ఛాయాగ్రాహకుడిగా, చిత్రలేఖకుడిగా ఉద్యోగం లభించింది. ఆంగ్లప్రభుత్వపు కొలువు అది, కుటుంబానికి నిశ్చింత. కాని స్వదేశీ ఉద్యమ ప్రభావంతో 1906 ప్రాంతంలో ఆయన ఆ ఉద్యోగాన్ని విడిచిపెట్టాడు. లోణావళాలో ముద్రణాలయం స్థాపించి, రాజా రవివర్మ చిత్రాల ముద్రణకు అచ్చుపని చేసిపెట్టాడు. 1909లో జర్మనీ వెళ్ళి రంగుల ముద్రణ యంత్రాలు తెచ్చాడు. వ్యాపారం వృద్ధిలోకి వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే నిర్వహణ విషయమై భాగస్వాములతో విభేదించి, ఆ సంస్థను వదలి బయటికి నడిచాడు. తన పద్ధతిలో కాకపోతే పనే అక్కరలేదన్న ఈ మొండితనం ఆయన జీవితంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

నలభై ఏళ్ళు దాటాయి. చేతిలో పనిలేదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అటువంటి స్థితిలో 1911 ఈస్టర్ పండుగ రోజుల్లో ఆయన బొంబాయి గిర్గావ్‌లోని ఒక ప్రదర్శనశాలలో క్రీస్తు జీవితంపై తీసిన చిత్రాన్ని చూశాడు. తెరమీద క్రీస్తు కదులుతుండగా ఆయన మనోనేత్రానికి రాముడు, కృష్ణుడు, అయోధ్య, గోకులం గోచరించాయి. మన దేవతలను మనవారే తెరమీద ఎప్పుడు చూస్తారన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. స్వదేశీ భావన కోసం ఉద్యోగం వదులుకున్న మనిషికి అదే భావన ఇప్పుడు ఒక కొత్త పరిశ్రమ రూపంలో ఎదుట నిలిచింది.

అప్పటినుండి ఆయన రాత్రింబవళ్ళు సినిమాలు చూశాడు. దొరికిన పుస్తకమల్లా చదివాడు. నిద్రాహారాలు మరచిన ఈ దీక్షవల్ల కంటిచూపు దెబ్బతిన్నది. వైద్యం చేయించుకొని కోలుకోగానే తిరిగి అదే పనిలో పడ్డాడు. జీవితబీమా పత్రాలను తాకట్టు పెట్టి 1912 ఫిబ్రవరిలో లండన్‌కు ప్రయాణమయ్యాడు. అక్కడ ఆయనకు తెలిసినవారు లేరు. 'బయోస్కోప్' అనే పత్రిక కార్యాలయానికి తిన్నగా వెళ్ళి సంపాదకుని కలుసుకున్నాడు. ఆయన సహాయంతో నిర్మాత సెసిల్ హెప్‌వర్త్ చిత్రశాలలో నిర్మాణ ప్రక్రియను దగ్గరుండి చూశాడు. విలియమ్సన్ కంపెనీ కెమెరాను కొని, ముడి ఫిల్మ్‌కు ఏర్పాటు చేసుకొని, ఏప్రిల్ నెలలో స్వదేశం చేరాడు.

ఆనాటి ముడి ఫిల్మ్ నేటివలె సిద్ధంగా వచ్చేది కాదు. దాని రెండు అంచులా సమానమైన దూరంలో రంధ్రాలు పొడవాలి. కెమెరాలోని పళ్ళు ఆ రంధ్రాలలో ఇమిడితేనే చేతితో తిప్పినప్పుడు ఫిల్మ్ ముందుకు కదులుతుంది. వెలుతురు సోకితే ఫిల్మ్ పాడైపోతుంది కనుక ఈ పని చీకటిలోనే జరగాలి. ఆ చీకటిగదిలో కూర్చుని వందల అడుగుల ఫిల్మ్‌కు రంధ్రాలు వేసింది సరస్వతీబాయి. రసాయనాలు కలపడం, ఫిల్మ్‌ను కడగడం కూడా ఆమె నేర్చుకున్నది.

కాని ధనమివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు ఫాల్కే ఒక కుండీలో బఠానీ విత్తనం నాటాడు. దాని ఎదుట కెమెరాను నిలిపి, రోజులతరబడి కొద్దికొద్దిగా చిత్రీకరించాడు. ఆ ఫిల్మ్‌ను తెరమీద వేయగా విత్తనం మొలకెత్తి, తీగసాగి, ఎదగడం కొన్ని క్షణాలలో కనిపించింది. దానిని చూసి ఆశ్చర్యపోయినవారు అప్పివ్వడానికి అంగీకరించారు. అదీ చాలలేదు. సరస్వతీబాయి నగలు కూడా ఆ పనికే ఖర్చయ్యాయి.

తొలిచిత్రానికి ఆయన ఎంచుకున్నది హరిశ్చంద్రుని కథ. ఆడిన మాటకోసం రాజ్యాన్ని, భార్యను, కొడుకును, చివరకు తననూ అమ్ముకున్న రాజు కథ తెలుగువారికి కొత్త కాదు. మనకు చంద్రమతిగా తెలిసిన ఆ రాణిని మరాఠీ, హిందీ ప్రాంతాలలో తారామతి అంటారు. ఆ పాత్ర ధరించడానికి స్త్రీలెవరూ ముందుకు రాలేదు. చివరకు ఒక భోజనశాలలో వంటపని చేసే అన్నా సాళుంకే అనే యువకుడు తారామతి అయ్యాడు. దబ్కే హరిశ్చంద్రుడు, ఫాల్కే పెద్దకొడుకు భాలచంద్ర రాకుమారుడు. దాదర్‌లోని ఇల్లే చిత్రశాల. బృందమంతటికీ వండిపెట్టడం, దుస్తులు ఉతకడం, వెలుగును పాత్రల మీదికి మళ్ళించడానికి ఎండలో తెల్లటి దుప్పటి పట్టుకొని నిలబడటం సరస్వతీబాయి దినచర్య.

సుమారు ఏడు నెలల శ్రమ తరువాత 3,700 అడుగుల ఆ మూకీ చిత్రం పూర్తయింది. 1913 మే 3న గిర్గావ్‌లోని కారొనేషన్ ప్రదర్శనశాలలో విడుదలైంది. జనం విరగబడి చూశారు. వెంటనే వచ్చిన 'మోహినీ భస్మాసుర' చిత్రంలో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించడంతో తెరమీదికి స్త్రీల రాక కూడా మొదలైంది. 1917లో వచ్చిన 'లంకాదహన్'లో సాళుంకే ఒక్కడే రామునిగా, సీతగా నటించాడు. ఎప్పుడో నేర్చుకున్న కనికట్టు విద్య ఇప్పుడు తెరమీద ఫలించింది. దేవతలు మాయమయ్యారు, ప్రత్యక్షమయ్యారు, ఆకాశంలో ఎగిరారు. తెరమీద దేవుడు కనిపించగానే ప్రేక్షకులు చేతులు జోడించేవారని చెబుతారు.

1918లో కొందరు వ్యాపారుల భాగస్వామ్యంతో 'హిందుస్థాన్ సినిమా ఫిల్మ్స్ కంపెనీ' ఏర్పడింది. 'శ్రీకృష్ణజన్మ', 'కాళీయమర్దన్' చిత్రాలకు మంచి ఆదరణ లభించింది. 'కాళీయమర్దన్'లో బాలకృష్ణునిగా నటించింది ఫాల్కే కుమార్తె మందాకిని. బయటికి అంతా శుభంగానే కనిపించింది. లోపల మాత్రం పాత కథ మళ్ళీ మొదలైంది. ఖర్చుకు లెక్క, పనికి గడువు ఉండాలన్నది భాగస్వాముల వాదన. కళాకారుని చేతిని ఎవరూ పట్టుకోరాదన్నది ఫాల్కే పట్టుదల. పెట్టుబడి పెట్టినవారు లెక్క అడగడం అన్యాయం కాదు. తన కృషితో పుట్టిన సంస్థలో తన మాట చెల్లాలని కోరడమూ అన్యాయం కాదు. సర్దుబాటు అనే విద్య ఒక్కటి ఆయనకు అబ్బలేదు. విసిగి సంస్థను వదలి కుటుంబంతో కాశీకి వెళ్ళిపోయాడు. అక్కడ 'రంగభూమి' అనే నాటకం రాశాడు. కొంతకాలానికి తిరిగి వచ్చి అదే సంస్థలో పనిచేశాడు. మునుపటి స్థానం మాత్రం దక్కలేదు.

ఇంతలో కాలం మారింది. 1931లో 'ఆలం ఆరా'తో సినిమాకు మాట వచ్చింది. మరుసటి ఏడాది ఫాల్కే మూకీగా తీసిన 'సేతుబంధన్'కు తరువాత మాటలు జోడించవలసి వచ్చింది. 1937లో కొల్హాపూర్ సంస్థ కోసం ఆయన తీసిన 'గంగావతరణ్' ఆయన ఏకైక టాకీ, చివరి చిత్రం కూడా. తాను నాటిన మొక్క మహావృక్షమై ఎందరికో నీడనిచ్చింది. నాటినవాడు నాసిక్‌లో ఒక మూల ఉండిపోయాడు. 1944 ఫిబ్రవరి 16న అక్కడే కన్నుమూశాడు. ఆయన తీసిన చిత్రాలలో అధికభాగం నేడు లభించడం లేదు.

1969లో భారత ప్రభుత్వం ఆయన పేరిట చలనచిత్ర రంగంలో అత్యున్నత పురస్కారాన్ని నెలకొల్పింది. బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, బి. నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, డి. రామానాయుడు, కె. విశ్వనాథ్ వంటి తెలుగు ప్రముఖులు ఆ గౌరవాన్ని అందుకున్నారు.

పురాణంలోని హరిశ్చంద్రునికి చివర అన్నీ తిరిగి లభించాయి. ఫాల్కేకు ఆ అదృష్టం లేదు. లేనిదానిని ఉన్నట్లుగా చూడగల చూపు, ఎవరు కాదన్నా వెనుదిరగని మొండితనం లేకపోతే 'రాజా హరిశ్చంద్ర' తయారయ్యేది కాదు. ఆ మొండితనమే తోటివారి మాట విననీయక ఆయనను ఒంటరిని చేసింది. ఒకదానిని మెచ్చుకొని రెండవదానిని దాచిపెడితే ఆ జీవితచరిత్ర సగమే అవుతుంది. ఆయన పేరు తలచినప్పుడు, చీకటిగదిలో ఫిల్మ్‌కు రంధ్రాలు వేస్తూ కూర్చున్న సరస్వతీబాయిని కూడా తలచుకోవడం మన విధి.

కఠిన పదాలు – అర్థాలు

ఛాయాగ్రహణం = ఫొటోలు తీయడం
ఐంద్రజాలికుడు = కనికట్టు చేసేవాడు
మనోనేత్రం = మనస్సు అనే కన్ను
మూకీ = మాటలు లేని చిత్రం
మూల్యం = వెల

ప్రశ్నలు

1. ఫాల్కే చిన్ననాటి నుండి నేర్చిన విద్యలు చలనచిత్ర నిర్మాణంలో ఎలా తోడ్పడ్డాయో వివరించండి.
2. 'రాజా హరిశ్చంద్ర' నిర్మాణంలో సరస్వతీబాయి పాత్రను తెలపండి.
3. ఫాల్కేకు, భాగస్వాములకు మధ్య వచ్చిన విభేదంలో ఎవరి పక్షం న్యాయమని మీరు భావిస్తున్నారు? కారణాలు రాయండి.