కులపతి వేంకటరత్నమునాయుడు

రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. ఆ యుద్యోగము ననుసరించి కుటుంబము ఉత్తరదేశమున నివసించుటచే బాలునకు అచ్చటి భాషలు చిన్ననాడే పరిచితములయ్యెను. పిదప హైదరాబాదున చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. అచ్చటి ప్రిన్సిపాలు విలియం మిల్లరుగారు. అధ్యాపకుడెట్లుండవలెనో నాయుడుగారు ఆ గురువును జూచియే నేర్చుకొనిరని చెప్పవచ్చును.

1889లో వారి భార్య మరణించెను. అప్పటికి నాయుడుగారికి ముప్పదియేండ్లయినను నిండలేదు. అయినను మరల వివాహమాడలేదు. తెల్లని వస్త్రములనే ధరించుచు, బ్రహ్మసమాజ ధర్మము నవలంబించి, బోధనకే జీవితమును అంకితము చేసిరి. మచిలీపట్టణము నోబిలు కళాశాలలో కొంతకాలము బోధించిరి. 1899లో సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలైరి. అటుపిమ్మట కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చి, 1919 వఱకు, అనగా సుమారు 15 ఏండ్లు, దానికి ప్రిన్సిపాలుగా నుండిరి.

ప్రిన్సిపాలు చేయు పనులు విద్యార్థులకు అంతగా కానరావు. ఉపాధ్యాయులను నియమించుట, కాలపట్టికను ఏర్పఱచుట, జమాఖర్చులు సరిచూచుట, విశ్వవిద్యాలయమువారికి జాబులు వ్రాయుట — వీనితోనే దినము గడచిపోవును. ఈ పనుల నడుమనే నాయుడుగారు ఆంగ్లసాహిత్యమును బోధించెడివారు. తమ జీతములో పెద్దభాగమును బీదవిద్యార్థులకు వెచ్చించెడివారు. భోగముమేళము జరుగు వేడుకలకు పోకుండుట వారి నియమము. ధనికులకిది రుచింపకున్నను వారు సడలింపలేదు.

వారి అధికారమునకు నిజమైన పరీక్ష విద్యార్థులను చేర్చుకొనుటలో కలిగెను. బాలికలు బాలురతో ఒకే కళాశాలలో చదువుట ఆనాడు మిక్కిలి అరుదు. అస్పృశ్యులని దూరముంచబడిన కులముల బిడ్డలకు బడి గడప దాటుటయే దుర్లభము. వీరిని చేర్చుకొన్నచో తక్కిన తల్లిదండ్రులేమందురో, కళాశాలను పోషించు దాతకేమి చిక్కులు వచ్చునో యని ఏ ప్రిన్సిపాలైనను వెనుకాడును. నాయుడుగారు ఈ సంగతులను ఎఱుగక కాదు. ఎఱిగియే ఇరువురికిని ద్వారములు తెఱచిరి. పిఠాపురము రాజా సూర్యారావు బహద్దరుగారు వారిని గురువుగా గౌరవించుట మనకు కలసివచ్చిన భాగ్యము. ఆ యండ లేకున్న ఆ సంకల్పము ఎంతదూరము సాగెడిదో! రాజావారి పోషణముననే కాకినాడలో అనాథశరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిగృహమును నడచినవి.

దేవులపల్లి కృష్ణశాస్త్రి, చలము ఆ కళాశాలలో చదివి వారి ప్రభావమునకు లోనయినవారే. చలము పిదప వేఱుత్రోవ పట్టుట మఱియొక కథ.

1924లో ప్రభుత్వము నాయుడుగారికి సర్ బిరుదము నొసగెను. 1925 మొదలు 1928 వఱకు వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగా నుండిరి. అంతకంటె పెద్ద పదవి ఆనాటి విద్యాశాఖలో ఒక తెలుగువానికి లభించుట అరుదు. అయినను శిష్యులకు వారు కాకినాడ కులపతియే. 1939 మే 26వ తేదీన వారు కన్నుమూసిరి.