తండ్రి కోరిన విద్య

బాలుడు చదువులో వెనుకబడినపుడు బడిని నిందించుట పరిపాటి. కాని చదువుపై మక్కువయో, వెగటో మొదట కలుగునది ఇంటియందే. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు బాల్యము ఇందులకు నిదర్శనము.

పామర్రుకు ఉత్తరమున గుడివాడ కలదు. దానికి సమీపమున గల చౌటపల్లి గ్రామమున 1922 డిసెంబరు 4వ తేదీన అతడు జన్మించెను. తల్లి రత్తమ్మ. తండ్రి సూరయ్య మృదంగము వాయించుటయందు నేర్పరి. నారాయణతీర్థుల తరంగములను భక్తితో పాడెడివాడు. భజనలకు పోవునపుడు కుమారుని భుజముపై కూర్చుండబెట్టుకొని పోవుచుండెను. తండ్రి పాడుచుండగా బాలుడు నర్తించెడివాడు. చూచినవారు వానిని బాలభరతుడని ముచ్చటపడెడివారు. ఆ విధముగా సంగీతము అతనికి నిర్బంధ పాఠముగా గాక, తండ్రితోడి వేడుకగా పరిచయమయ్యెను.

అతని 11వ యేట సూరయ్య మరణించెను. అంత్యదినములలో సంగీతము యొక్క గొప్పదనమును కుమారునకు వివరించి, గొప్ప విద్వాంసుడవు కావలెనని కోరెను. ఆ పిమ్మట మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య ఆ కుటుంబమునకు ఆశ్రయమిచ్చెను.

కౌమారమున కష్టములు తప్పలేదు. సంగీతజ్ఞుల ఇండ్లలో పనిపాటలు చేసి విద్య నేర్వజూచెను, ఫలము అంతంతమాత్రమే. తోడివారు పరిహసించిరి. భయముచేత మాత్రమే చదువువాడు, భయపెట్టువారు లేనినాడు చదువు మానివేయును. ఘంటసాలకు మిగిలినది భయము కాదు, తండ్రికి తీర్పవలసిన ఋణము. కనుకనే చేతి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెను.

అచ్చట ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులుగా నున్న సంగీత కళాశాల కలదు. అందలి అధ్యాపకులగు పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని ఆదరించి ప్రతిఫలము కోరక విద్య గఱపిరి. వారును కలిమి గలవారు కారు. అందుచే శిష్యుడు జోలె తగిలించుకొని మధూకరము చేసి పొట్ట పోసికొనెను. అయినను విద్య విడువక పట్టము నందెను.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెరసాల కేగెను. తరువాత మద్రాసు చేరి, 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు చిత్రముల పాటలతో ఇంటింటి గాయకుడయ్యెను. 1974 ఫిబ్రవరి 11న మరణించెను.

సూరయ్య కుమారునకు ఆస్తి నీయలేదు. అతని కీర్తిని చూడనూ లేదు. తాను ప్రేమించిన విద్యను కుమారుని యెదుట ప్రేమతో సాధన చేసెను. పిల్లల మార్కుల పట్టిక చూచి కోపించు తల్లిదండ్రులు, తాము ఇంట ఏమి చదువుచున్నామో, దేనియందు ఆనందించుచున్నామో పరికించుకొనుట మేలు.