విద్యాసేవాధురీణులు కట్టమంచి రామలింగారెడ్డిగారు

ఆంధ్రదేశమున విద్యావ్యాప్తికి పాటుపడిన మహనీయులలో సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు అగ్రగణ్యులు. వీరు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. నాడు చిత్తూరు ఉత్తర ఆర్కాడు మండలములోనిది. ఆ మండలమునుండియే మన పూర్వులనేకులు కూలి ఒడంబడికపై వ్రేలిముద్ర వేసి నేటాలు, ఫిజీ మున్నగు దూరదేశములకు ఓడనెక్కిరి. ఒకే నేలనుండి కొందఱు చెఱకుతోటలకును, ఒకరు కేంబ్రిడ్జికిని వెడలిరి. కలిమితోపాటు విద్యయు ఈ భేదమునకు కారణము. ఆ విద్యను పదుగురకు పంచుటయే వీరి జీవితకార్యమయ్యెను.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచు 1899లో వీరు ముసలమ్మ మరణము అను కావ్యమును రచించిరి. ఊరి చెఱువుకట్ట నిలుచుటకై తన ప్రాణమునర్పించిన బుక్కరాయసముద్రపు కోడలి కథ ఇది. రాజులను విడిచి పల్లెపడుచును నాయికగా గైకొనుట నాడు క్రొత్త. పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జి చేరి, సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, విశ్వవిద్యాలయ చర్చాసంఘమునకు ఉపాధ్యక్షులైరి.

స్వదేశమునకు మరలి బరోడాలోను, ఆపై మైసూరులోను ఆచార్యులుగా పనిచేసిరి. అమెరికా, జపాను మొదలగు దేశముల విద్యావిధానములను పరిశీలించి వచ్చి, 1916లో మైసూరు విశ్వవిద్యాలయ స్థాపనకు తోడ్పడిరి. ఆ సంస్థానపు విద్యాశాఖకు అధిపతియై, అంటరానివారని త్రోసివేయబడిన పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల ద్వారములు తెఱపించుటకు కృషిసల్పిరి.

1921లో ఆ పెద్ద కొలువును వదలి రాజకీయములందు ప్రవేశించి, మద్రాసు శాసనమండలి సభ్యులైరి. మొదట జస్టిస్ పక్షమున నిలిచినను, దాని పాలన నచ్చక ప్రతిపక్షమునకు నాయకత్వము వహించి, 1923 నవంబరులో పానగల్ రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించిరి. అనుకూలముగా 44, ప్రతికూలముగా 65 ఓట్లు వచ్చి తీర్మానము వీగిపోయెను. తరువాత అదే పక్షపు విద్యామంత్రి పాత్రోగారు ప్రవేశపెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము 1926లో అమలులోనికి రాగా, తొలి వైస్ చాన్సలరు పదవి రెడ్డిగారికే దక్కెను.

బెజవాడలో చిన్నగా మొదలైన ఆ సంస్థ 1930లో వాల్తేరు చేరెను. ఆ యేడే ప్రభుత్వపు దమననీతికి నిరసనగా రెడ్డిగారు తాము పెంచిన సంస్థ పదవికే రాజీనామా యిచ్చిరి. వీరి తరువాత సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పీఠమునధిష్ఠించిరి. 1936లో రెడ్డిగారు తిరిగి వచ్చి 1949 వఱకు దానిని నడిపిరి. 1942లో విశాఖపై జపానువారి బాంబులు పడినపుడు విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోవలసివచ్చినను చదువు ఆగలేదు. ఆజన్మబ్రహ్మచారియైన వీరు 1951 ఫిబ్రవరి 24న పరమపదించిరి.

పదవిని పట్టుకొని వ్రేలాడుట వీరెఱుగరు. విద్యకు పనికివచ్చినంతకాలము కొలువులోనుండి, మనస్సాక్షి అంగీకరింపనినాడు విడిచిపోయిరి. పని పిలిచిననాడు మరల వచ్చిరి.

సోదరసోదరీమణులారా! తెలుగు మనకు బడిలో లభించిన భాష కాదు. కోవెల అరుగుపై, భజన ముగిసిన పిదప, పెద్దలు దిద్దించిన అక్షరములే మన ఆస్తి. నేడు జెబెల్ అలీ రేవునందును, కర్మాగారములందును, కార్యాలయములందును మనము సంతకము చేసి జీతము పుచ్చుకొనుచున్నాము. నాడు వ్రేలిముద్ర వేసినవారి మనుమలమని మఱువక, వారమునకొక గంటయైనను మన బిడ్డలచేత ఓనమాలు దిద్దింతుము గాక.