నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబు

చార్మినారు పరిసరాలలో పెరిగిన మాకు వివాహ వేడుక అనగానే షెహనాయి, మర్ఫా వాద్యాలు స్ఫురణకు వస్తాయి. ఆ షెహనాయికి దక్షిణదేశంలో పెద్దన్న వంటి వాద్యం నాదస్వరం. అది పరిమాణంలో పొడవైనది, నాదంలో గంభీరమైనది. ఆలయ మంగళవాద్యమైన దీనిని ఆంధ్రదేశంలో ఎన్నో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా పోషిస్తూ వచ్చాయన్న సంగతి మా మిత్రులలో చాలమంది ఎరుగరు. అట్టి కుటుంబంలో జన్మించి దేశమంతటా కీర్తి గడించినవారు షేక్ చినమౌలానా సాహెబు.

ఒంగోలు సమీపంలోని కరవది గ్రామంలో 1924 మే 12వ తేదీన ఆయన జన్మించారు. ఆనాడు అది గుంటూరు జిల్లాలోనిది. 1970 తరువాత ప్రకాశం జిల్లాలో చేరింది. తండ్రి కాసిం సాహెబు వద్ద తొలి పాఠాలు, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద శిక్షణ లభించాయి. నాదస్వరంలో గమకాన్ని వ్రేళ్ళు మాత్రమే పలికించలేవు. పెదవుల ఒత్తిడి, శ్వాస నిగ్రహం కలిసిరావాలి. అది ఏండ్ల తరబడి సాధన కోరే విద్య.

అప్పటికే ఆయన చేతిలో విద్య ఉన్నది, వృత్తి ఉన్నది. పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు వాయించుకొంటూ నిశ్చింతగా కాలం గడుపవచ్చును. కాని తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై వాదనం ఆయన మనస్సును పట్టివేసింది. రాగాలాపనను తీరికగా, విస్తారంగా సాగించే ఆ తంజావూరు బాణీ తమకు పట్టుబడాలని నిశ్చయించుకొన్నారు. తమిళదేశంలోని నాచ్చియార్ కోయిల్‌కు చెందిన రాజం, దురైకణ్ణు సోదరుల ఎదుట మరల విద్యార్థియై కూర్చున్నారు. పరీక్షాఫలితాలు వెలువడగానే పుస్తకాలు అమ్మివేసే మాకు ఈ ఘట్టం చదివినప్పుడు కొంత సిగ్గు కలిగిన మాట నిజం.

తదుపరి ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఇస్లాం మతస్థులుగానే జీవిస్తూ రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వినిపించారు. కాశీ విశ్వనాథుని ఆలయంలో షెహనాయి వాయించిన బిస్మిల్లాఖాన్‌తో ఆయనను పోల్చడం పరిపాటి. పోలిక సబబే. అయితే దీనిని ఒక వింతగా చెప్పుకొనడం మాకు రుచించదు. కరవది, చిలకలూరిపేట ప్రాంతాల నాదస్వర కుటుంబాలకు అది ఇంటి విద్య, కులవృత్తి వంటిది. అక్కడి రామాలయంలో సాహెబుగారి సన్నాయి లేనిదే కల్యాణం జరిగినట్లు ఊరివారు భావించేవారు కారు.

1977లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు 1998లో లభించింది. నాదస్వర విద్వాంసులలో ఆ గౌరవం పొందినవారు బహు కొద్దిమంది. బిరుదులకంటె మాకు ముఖ్యంగా తోచినది 1982లో శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన శారదా నాదస్వర సంగీతాశ్రమం. తాము దూరదేశం పోయి సంపాదించిన బాణీని అక్కడ ఇతరులకు నేర్పారు.

1999 ఏప్రిల్ 13న శ్రీరంగంలోనే కన్నుమూశారు. మనుమలు కాసిం, బాబు ఆ బాణీని కచేరీలలో కొనసాగించారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పురుషులకే పరిమితమని తలచిన ఆ బరువైన వాద్యాన్ని కాలీషాబీ భర్త ప్రక్కన కూర్చుండి సమానంగా వాయిస్తారు.