సుందరయ్య వదులుకున్న తోక

ఫిలింనగర్ ఎత్తున ఫిలిం ఛాంబర్, స్టూడియోలు, ఆ పక్కనే జూబ్లీహిల్స్ మేడలు. అదే రాళ్ల వాలులో ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన బస్తీ ఇళ్లు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా చిత్రీకరణలు ఆపివేసినప్పుడు, ఈ దారిలో ఒక వాదనను నేను పదేపదే విన్నాను. చైనాయే పెట్టుబడిని పిలిచి బాగుపడింది, ఇక మనకీ సమ్మెలెందుకన్నది దాని సారం. విన్న ప్రతిసారీ నా మనసులో మెదిలింది పుచ్చలపల్లి సుందరయ్య జీవితం.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూమిగల రెడ్డి కుటుంబంలో పుట్టారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పదిహేడేళ్లకే చదువు విడిచి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. తిరిగివచ్చి సొంత ఊరిలోనే వెట్టికి, అంటరానితనానికి ఎదురు నిలిచి వ్యవసాయ కూలీలను సంఘంగా కూర్చారు. పేరు చివరి కులాన్ని తెంచివేశారు. తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చారు. లీలను పెళ్లాడినా, పిల్లలు వద్దని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. రాజ్యసభ సభ్యుడిగా సైకిల్‌పై పార్లమెంటుకు వెళ్లిన సంగతిని మనం ముచ్చటగా చెప్పుకుంటాం. కులం, భూమి, వారసత్వం అనే మూడింటినీ ఆయన ఒకేసారి వదిలిన సంగతిని మాత్రం మరచిపోతాం. మన దేశంలో పెట్టుబడి పుట్టేది ఆ మూడింటి కూడలిలోనే.

చైనా గురించిన చర్చ తెలుగువారికి కొత్త కాదు. 1948లోనే ఆంధ్ర కమ్యూనిస్టులు మావో నూతన ప్రజాస్వామ్య సిద్ధాంతాన్ని తమ పత్రంలో ఆధారంగా తీసుకున్నారు. తెలంగాణ పోరాటం సుమారు 3,000 గ్రామాలకు వ్యాపించిందని, 10 లక్షల ఎకరాలు పంపిణీ అయ్యాయని సుందరయ్య తన గ్రంథంలో లెక్క కట్టారు. 1951 అక్టోబరులో ఆ పోరాటాన్ని విరమించారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన సీపీఎం ప్రధాన కార్యదర్శి అయ్యారు. చైనా అనుకూలుడన్న ముద్రతో జైళ్లు అనుభవించారు. అయితే 1967లో చైనా పార్టీ నక్సల్బరీని కీర్తించి భారతదేశానికి దారి చూపబోయినప్పుడు ఆయన అంగీకరించలేదు. మరుసటి ఏడాది తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వంటి సహచరులు, రాష్ట్రంలోని కార్యకర్తల్లో అధిక భాగం విడిపోయినా ఆయన తన మాటపైనే నిలిచారు. పరదేశపు నమూనాను మన నేలపై అలాగే దించరాదన్నది ఆ వైఖరిలోని అంతరార్థం.

ఇప్పుడు చైనాను ఉదాహరణగా చూపేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. 1978 డిసెంబరులో డెంగ్ సంస్కరణలు మొదలయ్యేనాటికి అక్కడ భూస్వామ్యం లేదు. 1950 నాటి చట్టంతో భూమి పంపిణీ జరిగింది. కమ్యూన్ల కాలపు కరువులో కోట్లమంది చనిపోయారన్నదీ కాదనలేని సత్యమే. అయినా మార్కెట్ వచ్చినప్పుడు ప్రతి రైతు కుటుంబానికీ సాగుకు కొంత నేల దక్కింది. మనకు మార్కెట్ వచ్చింది గానీ, దానికి ముందు రావలసిన భూసంస్కరణ రాలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల సేద్యపు మిగులు కొన్ని కులాల చేతుల్లో పోగుపడి, అందులో కొంత సినిమా పెట్టుబడి అయింది. మద్రాసు నుంచి తరలివచ్చిన పరిశ్రమకు ప్రభుత్వం భూములు, రాయితీలు ఇచ్చింది. హీరో కొడుకు హీరో కావడానికి, లైట్ బాయ్ కొడుకు లైట్లే మోయడానికి వెనుక ఉన్న చరిత్ర ఇది. ప్రజానాట్యమండలిలో రాటుదేలిన మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటివారు సినిమాకు ప్రతిభను ఇచ్చారు. పెట్టుబడి స్వభావం మాత్రం మారలేదు.

సుందరయ్యను కొలవడం నా ఉద్దేశం కాదు. ఆయన కులాన్ని తన పేరు నుంచి తీసివేశారు గానీ, ఆయన పార్టీ దానిని నాయకత్వం నుంచి తీసివేయలేకపోయింది. కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ. పాలకుర్తిలో పంటను కాచుకున్న ఐలమ్మ చాకలి. పై కమిటీల్లో కూర్చున్నవారు ఎక్కువగా రెడ్లు, కమ్మలు, బ్రాహ్మణులు. వర్గం పోతే కులం దానంతటదే పోతుందని వారు నమ్మారు. 1985 మే 19న సుందరయ్య కన్నుమూశారు. రెండు నెలలు తిరగకముందే, జులై 17న, కారంచేడులో భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. ఆ నెత్తుటి నుంచి దళిత మహాసభ పుట్టింది. కమ్యూనిస్టులు వాయిదా వేసిన ప్రశ్నను దళితులు తామే చేపట్టవలసి వచ్చింది.

చైనా అనుభవం కూడా ఇదే చెబుతున్నది. అక్కడ భూస్వామి అన్న వర్గ ముద్ర తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించి, 1979 వరకు పుట్టుకతో వచ్చే శిక్షగా మిగిలింది. 1958లో స్థిరపడిన హుకౌ నమోదు వల్ల పల్లెలో పుట్టినవాడు షెన్‌జెన్ కర్మాగారంలో ఎన్నేళ్లు పనిచేసినా ఆ నగరానికి పరాయివాడే అయ్యాడు. సామ్యవాదమైనా, మార్కెట్ అయినా పుట్టుకను కొలబద్దగా ఉంచుకుంటే అది కొత్త పేరు పెట్టుకున్న కులమే అవుతుంది.

కనుక ఫిలింనగర్ చర్చ పెట్టుబడా, కమ్యూనిజమా అన్నచోట ఆగిపోరాదు. స్టూడియో నేల ఎవరిది, పెట్టుబడి ఏ కులాల చేతుల్లో తిరుగుతున్నది, వాలులోని బస్తీ బిడ్డకు కెమెరా వెనుక స్థానం ఎప్పుడు దక్కుతుంది అన్నవి అభివృద్ధికి అసలు కొలతలు. సుందరయ్య తన తోకను తానే తెంచుకున్నారు. ఒక్క మనిషి త్యాగం ఒక వ్యవస్థకు ప్రత్యామ్నాయం కాదని ఆయన మరణానంతర చరిత్ర నాకు నేర్పింది. ఆయన వదులుకున్నదాన్ని చట్టంతో, పంపకంతో అందరిచేతా వదిలించినప్పుడే చైనాతో మనకు పోలిక కుదురుతుంది.