బొగ్గుగని యాస

రైలింజన్ కనిపెట్టింది ఎవరు అని జీకే పుస్తకాల్లో ఒక ప్రశ్న ఉండేది, గుర్తుందా? జవాబు జార్జ్ స్టీఫెన్‌సన్ అని బట్టీ పట్టేశాం. అది పూర్తిగా నిజం కాదు. ఆవిరి ఇంజన్‌ని పట్టాల మీద రిచర్డ్ ట్రెవితిక్ 1804లోనే నడిపించాడు. జార్జ్ చేసిన పని వేరు. రైలు అనేదాన్ని ఊళ్ల మధ్య రోజూ నడిచే, నమ్మదగిన వస్తువుగా నిలబెట్టాడు. కానీ నాకు అంతకంటే ఆశ్చర్యం అనిపించేది, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ మనిషికి తన పేరు రాయడం కూడా రాదన్న సంగతి.

ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాజిల్‌కి పడమట తొమ్మిది మైళ్ల దూరంలో టైన్ నది పక్కన వైలం అనే గనుల ఊరు ఉంది. 1781 జూన్ 9న జార్జ్ అక్కడే పుట్టాడు. వాళ్లుండే ఇంట్లో నాలుగు కుటుంబాలు, కుటుంబానికి ఒక్కో గది. ఆరుగురు పిల్లల్లో ఇతను రెండోవాడు. తండ్రి గనిలో నీళ్లు తోడే ఇంజన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మన్, జీతం వారానికి పన్నెండు షిల్లింగులు. రెక్కాడితే గానీ డొక్కాడని సంసారం, ఇక బడి మాట ఎక్కడిది? పిల్లవాడు మొదట రోజుకి రెండు పెన్నీలకి ఆవులు కాశాడు, తర్వాత బొగ్గులోంచి రాళ్లు ఏరాడు. ఆవుల దగ్గర కూర్చుని మట్టితో ఇంజన్ బొమ్మలు చేసేవాడట. మన దగ్గర పిల్లలు మట్టితో ఎద్దులబండ్లు చేసినట్టే, కంటి ముందు ఏది తిరిగితే అదే బొమ్మ.

పదిహేడేళ్లకి ఒక గనిలో ఇంజన్‌మన్ అయ్యాడు. అదే ఇంజన్ దగ్గర తండ్రి ఫైర్‌మన్. అంటే కొడుకు తండ్రికంటే ఒక మెట్టు పైన ఉన్నాడన్నమాట. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో గానీ, జార్జ్‌కి మాత్రం ఒక సంగతి అర్థమైంది. తను రోజూ విప్పి తుడిచి బిగించే యంత్రం గురించి ఎవరో ఎక్కడో పుస్తకాలు రాశారు, వాటిని తను చదవలేడు. పన్నెండు గంటల పని అయ్యాక రాత్రి బడికి వెళ్లడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చునేవాళ్లు కూడా గని పనివాళ్లే. లెక్కలు పలక మీద వేయించుకుని, మర్నాడు ఇంజన్ తిరుగుతుంటే దాని పక్కన కూర్చుని చేసేవాడు.

అక్కడినుంచి అంతా నిచ్చెన ఎక్కినట్టు సాగిపోయిందనుకుంటే పొరపాటు. ఒక రైతు కూతురు ఎలిజబెత్ హిండ్‌మార్ష్‌ని పెళ్లి చేసుకోవాలనుకుంటే, గని పనివాడికి పిల్లనివ్వనన్నాడు వాళ్ల నాన్న. 1802లో ఫ్రాన్సెస్ అనే ఆమెని పెళ్లాడాడు. సంసారం గడవడానికి చెప్పులు కుట్టాడు, గడియారాలు బాగు చేశాడు. 1803లో కొడుకు రాబర్ట్ పుట్టాడు. తర్వాత పుట్టిన ఆడపిల్ల కొన్ని వారాలకే పోయింది, 1806లో క్షయతో భార్య పోయింది. పసివాణ్ని ఇక్కడ వదిలి స్కాట్లాండ్‌కి పనికి వెళ్లాడు. ఈలోగా తండ్రికి ప్రమాదంలో కళ్లు పోయాయి. తిరిగొచ్చి ఆయన అప్పులు తీర్చాడు. అదే రోజుల్లో సైన్యంలో చేరమని చీటీలో పేరొస్తే, తన బదులు ఇంకొకణ్ని పంపడానికి మిగిలిన డబ్బూ పోయింది. అమెరికా వెళ్లిపోదామనుకున్నాడు, దారి ఖర్చులకి డబ్బుల్లేక ఆగాడు. చరిత్రలో కొన్ని పెద్ద పనులు ఇలా టికెట్ కొనలేకపోవడం వల్ల కూడా జరుగుతాయి.

1811లో కిల్లింగ్‌వర్త్ గనిలో ఒక పంపింగ్ ఇంజన్ మొరాయించింది. ఏడాదిగా ఎవరెవరో వచ్చి చూశారు, నీళ్లు తగ్గలేదు. జార్జ్ దాన్ని విప్పి మార్పులు చేశాడు, కొద్ది రోజుల్లో గని ఎండిపోయింది. మరుసటి ఏడాది అక్కడి గనులన్నిటికీ ఇంజన్‌రైట్‌గా వేశారు. జీతం ఏడాదికి వంద పౌండ్లు.

ఆ జీతంతో అతను మొదట చేసిన పని కొడుకుని మంచి బడిలో వేయడం. తన భాష నార్తంబర్లాండ్ గని యాస, ఆ ప్రాంతం దాటితే ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. కొడుకు నోట ఆ యాస ఉండకూడదనుకున్నాడు. రాబర్ట్ గాడిద మీదెక్కి న్యూకాజిల్ బడికి వెళ్లేవాడు, అక్కడి లైబ్రరీలోంచి సైన్సు పుస్తకాలు తెచ్చేవాడు. రాత్రుళ్లు కొడుకు చదివి చెబితే తండ్రి నేర్చుకునేవాడు. ఇద్దరూ కలిసి 1816లో తమ ఇంటి గుమ్మం పైన ఒక నీడగడియారం కట్టారు. రాయి చెక్కే చేతులు తండ్రివి, ఆ ఊరి అక్షాంశానికి గీతలు లెక్కేసిన బుర్ర కొడుకుది. ఆ గడియారం ఇప్పటికీ ఆ గుమ్మం మీద ఉంది.

ఈ మధ్యలోనే ఇంకో గొడవ. గనుల్లో మీథేన్ వాయువుకి దీపం మంట తగిలితే పేలుడే. 1812లో ఫెల్లింగ్ గనిలో అలా 92 మంది చనిపోయారు. జార్జ్ సొంతంగా ఒక దీపం తయారుచేశాడు. సన్నటి గొట్టాలగుండా మంట బయటికి పాకదన్నది అందులో సూత్రం. 1815లో దాన్ని పట్టుకుని, వాయువు బుసలు కొడుతున్న చోటికి తనే నడిచివెళ్లాడు. ఇప్పటి మన ల్యాబ్ సేఫ్టీ రూల్స్ ప్రకారం ఇది పచ్చి పిచ్చితనం. కానీ అది పనిచేయకపోతే చచ్చేది తనలాంటివాళ్లేనని తెలిసిన మనిషి అతను. కొద్ది వారాలకే లండన్‌లో సర్ హంఫ్రీ డేవీ తన దీపాన్ని రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. డేవీకి రెండువేల పౌండ్ల బహుమానం వచ్చింది, జార్జ్‌కి దొంగ అన్న పేరొచ్చింది. చదువులేని ఇంజన్‌రైట్ ఒకడు అలాంటిది సొంతంగా ఆలోచించగలడంటే వాళ్లకి నమ్మకం కుదరలేదు. న్యూకాజిల్ వాళ్లు విచారణ కమిటీ వేసి, అతని తప్పేమీ లేదని తేల్చి వెయ్యి పౌండ్లు ఇచ్చారు. డేవీ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ఇద్దరికీ సమాన హక్కుందని పార్లమెంటు కమిటీ చెప్పేసరికి 1833 వచ్చింది. అప్పటికి డేవీ చనిపోయి నాలుగేళ్లు.

1814లోనే జార్జ్ తన మొదటి లోకోమోటివ్ నడిపాడు. 1823లో న్యూకాజిల్‌లో ఇంజన్ల ఫ్యాక్టరీ పెట్టి, దానికి పందొమ్మిదేళ్ల కొడుకు పేరు పెట్టాడు. 1825 సెప్టెంబర్ 27న స్టాక్‌టన్-డార్లింగ్టన్ లైను మొదలైంది. అది గెలుపే. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో జరిగింది చూస్తే మనలో కొందరికి గుండె కలుక్కుమంటుంది.

లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే బిల్లు మీద సాక్ష్యం చెప్పడానికి జార్జ్‌ని పార్లమెంటు కమిటీ ముందుకి పిలిచారు. ఎదురుగా ఎడ్వర్డ్ ఆల్డర్సన్ అనే లాయర్. ఇర్వెల్ నది వెడల్పెంత, వంతెన ఎత్తెంత, ఈ లెవెల్స్ ఎవరు తీశారు అని ఒకదాని మీద ఒకటి అడిగాడు. జార్జ్ తడబడ్డాడు. ఆ యాస విని, ఇతను విదేశీయుడా అని అక్కడ ఒకరు అడిగారని కూడా చెబుతారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, మొదటి సెమిస్టర్ వైవాలో తెలిసిన జవాబు నోట్లోనే ఉండిపోయినవాళ్లకి ఆ గది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అయితే నిజం కూడా చెప్పుకోవాలి. సర్వే లెక్కలు నిజంగానే తప్పు. భూస్వాములు తుపాకులతో కాపలా పెడితే సర్వే మనుషులు దొంగచాటుగా కొలిచారు. జార్జ్ ఆ లెవెల్స్‌ని మళ్లీ సరిచూసుకోలేదు. లెక్కలు చూడగల రాబర్ట్ అప్పటికే దక్షిణ అమెరికా గనులకి వెళ్లిపోయాడు. యాసని ఎగతాళి చేయడం అన్యాయం, లెవెల్స్ తప్పని పట్టుకోవడం న్యాయం. ఆ రెండూ ఒకే నోటినుంచి ఒకే సారి వచ్చాయి కాబట్టే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలిందని నాకనిపిస్తుంది. బిల్లు పోయింది, జార్జ్ ఉద్యోగమూ పోయింది. పేరున్న రెన్నీ అన్నదమ్ములని పెట్టుకున్నారు. 1826లో బిల్లు పాసయ్యాక వాళ్ల షరతులు కంపెనీకి నచ్చలేదు. మళ్లీ జార్జ్‌నే పిలిచారు.

దారిలో చాట్ మాస్ అనే పెద్ద ఊబి. దాని మీద రైలు అసాధ్యమని చదువుకున్న ఇంజినీర్లు కమిటీలో సాక్ష్యం చెప్పారు. వారాల తరబడి మట్టి పోస్తే అంతా మింగేసింది. జార్జ్ ఆపలేదు. పొదలూ రెమ్మలూ అల్లిన తడికలు పరిచి, వాటి మీద లైనుని తెప్పలా తేల్చాడు. 1827లో కొడుకు తిరిగొచ్చాడు. 1829 అక్టోబర్‌లో రెయిన్‌హిల్ దగ్గర అయిదు వందల పౌండ్ల పోటీకి రాబర్ట్ ఫ్యాక్టరీలో కట్టిన రాకెట్ వచ్చింది. బాయిలర్‌లో ఒక పెద్ద గొట్టం బదులు 25 రాగి గొట్టాలు పెట్టారు. నీటికి వేడి తగిలే ఉపరితలం పెరిగితే ఆవిరి ఎంత త్వరగా తయారవుతుందో హీట్ ట్రాన్స్‌ఫర్ చదివినవాళ్లకి తెలుసు. పోటీ పూర్తిచేసింది అదొక్కటే. (పోటీకి వచ్చినవాటిలో ఒకటి గుర్రం తొక్కితే నడిచే బండి. అప్లికేషన్ ఎలా ఓకే చేశారో!)

లైను 1830 సెప్టెంబర్ 15న తెరిచారు. ఆ రోజే ఎంపీ విలియం హస్కిసన్‌ని రాకెట్ ఢీకొట్టింది. గాయపడిన ఆయన్ని నార్తంబ్రియన్ అనే ఇంజన్‌లో స్వయంగా నడిపి తీసుకెళ్లింది జార్జే. ఆయన ఆ రాత్రి బతకలేదు.

ఆ తర్వాత సంపాదనకి లోటు లేదు. ఎలిజబెత్ హిండ్‌మార్ష్‌ని 1820లోనే పెళ్లి చేసుకున్నాడు, ఆ ముచ్చటా తీరింది. నైట్‌హుడ్ ఇస్తామంటే వద్దన్నాడు. 1847లో మెకానికల్ ఇంజినీర్ల సంస్థ పుడితే దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. చెస్టర్‌ఫీల్డ్ దగ్గర టాప్టన్ హౌస్‌లో తోట వేసుకుని, దోసకాయలు వంకర పోకుండా గాజు గొట్టాల్లో పెంచాడు. కిల్లింగ్‌వర్త్ గుర్రబ్బండ్ల పట్టాల మధ్య ఉన్న నాలుగడుగుల ఎనిమిదంగుళాల వెడల్పునే అతను అటూఇటూగా తన లైన్లకి వాడాడు. దానికి ఇంకో అరంగుళం కలిస్తే 1435 మిల్లీమీటర్లు. మన హైదరాబాద్ మెట్రో నడిచేది ఆ వెడల్పు మీదే.

1848 ఆగస్టు 12న, 67 ఏళ్లకి జార్జ్ చనిపోయాడు. చెస్టర్‌ఫీల్డ్‌లోని చర్చిలో పూడ్చారు. రాబర్ట్ పెద్ద వంతెనలు కట్టాడు, అదే పార్లమెంటులో సభ్యుడిగా కూర్చున్నాడు. 1859లో పోతే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో పూడ్చారు.